నడకకు నేల నేర్పు పాఠము



నెల్లూరు సముద్రతీరమున మూడు విధములైన నడకలు నిత్యమును కానవచ్చును. వల భుజమున వేసికొని జాలరి ఇసుకలో నడచును. నాట్లువేయు స్త్రీ చీలమండలు మునుగు బురదమడిలో వెనుకకు వెనుకకు అడుగువేయును. రైతు సందెచీకటిలో మూరెడు వెడల్పు గట్టుమీద నడచి ఇల్లు చేరును. మువ్వురును కుడికాలు ఎడమకాలు మార్చి మార్చి వేయువారే. అయినను ఇసుకలో మడమ క్రుంగును. మడిలో కాలిని బురదనుండి పెఱికి తీయవలెను. గట్టుమీద పాదము తన చోటును తానే తడవి చూచుకొనవలెను. ఇసుక దాటి గట్టెక్కిన జాలరి “ఇక నడక మార్చవలె” నని తలపోయడు. ప్రక్కవానితో చేపల ధరను గూర్చి మాటలాడుచునే యుండును. కాలు తనంతట తానే మార్చుకొనును.

ఈ లెక్కను వేయువారెవరు? మెదడా? వెన్నుపామా? అరికాలా? గడచిన నూఱేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పట్టుకొని శ్రమించినారు. వారి సమాధానము వినోదమునకు మాత్రమే పనికివచ్చునది కాదు. పక్షవాతముచే మంచమెక్కినవాడు మఱల నడచుటయు, మధుమేహముచే అరికాళ్ళు మొద్దువారిన ముదుసలి రాత్రివేళ పెరటిలో పడకుండుటయు ఈ సమాధానముతో ముడివడియున్నవి. కావున దీనిని ఓపికతో విచారింపవలసియున్నది.

సముద్రముపై తెడ్డువేయువారు “హైలెస్సా” యని పదము పాడుకొందురు. పదము లయను కట్టును. ఆ లయకు చేతులు కదలును. అయితే తెడ్డు నీటిని త్రోయునపుడు చేతికి బరువు తగులును. అల ఎదురైనచో బరువు హెచ్చును. అల తొలగినచో తగ్గును. ఆ బరువు తెలియుటచేతనే తెడ్డు ఎప్పుడు పైకి లేవవలెనో చేతికి తెలియును. ఇప్పుడు ప్రశ్న యిది. నడక యందలి లయ పదమువలె లోపలనుండి పుట్టునా? లేక నీటి బరువువలె వెలుపలనుండి వచ్చు స్పర్శయే ఒక్కొక్క అడుగును పుట్టించునా?

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఆంగ్లదేశమున ఛార్లెస్ షెరింగ్టన్ అను మహావిద్వాంసుడు రెండవ పక్షమువైపు మొగ్గినాడు. నాడీమండలమును గూర్చిన కృషికి 1932లో నోబెల్ బహుమానమందినవాడాయన. ఒక అడుగు ముగియునప్పటికి కండరములయందును కీళ్ళయందును కలుగు స్పర్శ తరువాతి అడుగును లేపును; ఆ యడుగు మఱియొక యడుగును లేపును; ఒక దివ్వెతో నొక దివ్వెను వెలిగించినట్లు నడక సాగుననుట ఆ పక్షము.

1911లో టామస్ గ్రాహం బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు వేఱొక దారి తొక్కినాడు. ఆయన పిల్లిలో వెన్నుపామునకు మెదడుతో గల సంబంధమును త్రెంచినాడు. కాలినుండి వార్తలను తెచ్చు జ్ఞాననాడులనుగూడ ఖండించినాడు. పైనుండి ఆజ్ఞ లేదు. క్రిందనుండి కబురు లేదు. అయినను కాలిని ముడుచు కండరమును, చాచు కండరమును వంతులవారీగా బిగిసినవి. లయ వెన్నుపాములోనే యున్నదని తేలినది. బ్రౌన్ దానికి ఇట్లు కారణము నూహించినాడు: వెన్నుపాములో నాడీకణములు రెండు జట్లుగా నున్నవి, ఒక జట్టు పనిచేయునపుడు రెండవదానిని అణచియుంచును, అది అలసినంతనే రెండవది లేచి దీనిని అణచును. ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు రెండు రోకళ్ళతో దంపునపుడు ఒకరి రోకలి దిగినంతనే రెండవవారిది లేచును గదా! ఆ యుక్తియే యిది. ఈ మాట ఆనాడు ఎక్కువమంది చెవికెక్కలేదు. సుమారు అర్ధశతాబ్దము గడచిన పిమ్మటనే దీని విలువ లోకమునకు తెలిసినది.

దానికి సాక్ష్యమిచ్చిన ప్రాణులలో ఒకటి మన తీరవాసులకు చిరపరిచితమైన రొయ్యకు దాయాది. రొయ్య పొట్టక్రింద ఐదు జతల ఈతకాళ్ళుండును. అవి యన్నియు నొక్కసారి కదలవు. వెనుకజత మొదట వీచును. పిదప దాని ముందుది. ఆపై దాని ముందుది. ఇట్లు అల వెనుకనుండి ముందునకు పోవును. చెఱువులో నీరు తేటగా నున్నప్పుడు రొయ్యను గమనించినవారికి ఈ వరుస కంటబడును. 1960 దశకమున వీర్స్మా అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును రొయ్యను పోలిన క్రేఫిష్ అను మంచినీటి ప్రాణిలో ఈ విషయమును శోధించినారు. దాని నాడీదండమును శరీరమునుండి వేఱుచేసిన పిమ్మటగూడ, ఆ నాడులు ఈతకాళ్ళకు పంపవలసిన ఆజ్ఞలను లయ తప్పక పంపుచునే యుండెను. కాళ్ళు లేవు, నీరు లేదు. ఆజ్ఞల వరుసమాత్రము ఉన్నది!

రెండవ సాక్షి మిడత. 1961లో డొనాల్డ్ విల్సన్ ఎగురు మిడతను పరీక్షించినాడు. ఱెక్కలనుండి వార్త తెచ్చు నాడులను తొలగించినను ఎగురు లయ నిలిచిపోలేదు. ఇది బ్రౌన్ పక్షమునకు జయము. అయితే కథ అక్కడ ముగియలేదు. ఆ లయ వేగము ఇంచుమించు సగమునకు పడిపోయెను. ఱెక్క మొదట సాగుటను గుర్తించు ఒక చిన్న యింద్రియము కలదు. దాని వార్త అందినపుడే ఱెక్కలు పూర్ణవేగముతో ఆడునని తరువాతి పరిశోధనలలో విల్సనే సహచరులతో గూడి చూపినాడు. లోపలి లయ ఉన్నది. కాని వార్త లేని లయతో మిడత గాలిలో నిలువజాలదు.

అనగా రెండు పక్షములును సగము సగము నిజములే. కందపద్యమునకు గణములు నియతములు. వానిని మార్చుటకు వీలు లేదు. అయినను పద్యమును చదువువాడు గణములనే పట్టుకొని పోయినచో వినువారికి రోత పుట్టును. అర్థమును గ్రహించి, విఱువవలసినచోట విఱిచి, సాగదీయవలసినచోట సాగదీసినపుడే అది పద్యమగును. తిక్కన సోమయాజి కవిత్వము చెప్పిన ఈ మండలమున ఈ మాటను విస్తరించి చెప్పనక్కఱలేదు. నడకకు గణములు వెన్నుపాములో నున్నవి. విఱుపులను నేల చెప్పుచున్నది.

ఇక నేలనుండి వచ్చు వార్త ఏ పనులు చేయునో చూతము. అవి ముఖ్యముగా మూడు.

మొదటిది వేగమును నిర్ణయించుట. మిడత విషయమున దీనిని చూచితిమి.

రెండవది తఱిని నిర్ణయించుట. నిలిచిన కాలు ఎప్పుడు లేవవలెను? 1978లో స్వీడను దేశీయుడైన గ్రిల్నరును, కెనడా దేశీయుడైన రొసిన్యోలును పిల్లులలో దీనిని పరీక్షించినారు. కదలు పట్టామీద నడచు పిల్లి వెనుకకాలిని తొడకీలువద్ద వెనుకకు పోనీయక పట్టినచో ఆ కాలు లేవలేదు. రెండవకాలు నడచుచునే యున్నది; పట్టిన కాలు నిలిచియే యున్నది. కాలు వెనుకకు తగినంత సాగినంతనే లేచి ముందునకు వచ్చినది. 1980లో డ్యూసెన్స్, పియర్సన్ అనువారు మఱియొక నిబంధనను కనుగొనిరి. కాలిమీద బరువున్నంతవఱకు అది లేవదు. బరువు రెండవకాలిమీదికి మాఱిన పిదపనే లేచును. ఎంత చక్కని నియమము! బరువు మోయుచున్న స్తంభమును తీసినచో పందిరి కూలును. వేఱొక స్తంభము నిలిచెనని తెలిసిన తరువాతనే మొదటిదానిని కదల్పవలెను.

మూడవది సందర్భము నెఱిగి నడచుకొనుట. నడచుచున్న పిల్లి పాదము పైభాగమును పుల్లతో తాకినచో ఏమగును? 1975లో ఫోర్స్‌బర్గ్, గ్రిల్నర్, రొసిన్యోల్ దీనిని చూచినారు. కాలు గాలిలో నున్నపుడు తాకినచో, అడ్డును దాటుటకువలె అది ఇంకను పైకి లేచును. అదే కాలు నేలమీద నున్నపుడు అదే చోట తాకినచో లేవదు. నేలను మఱింత గట్టిగా త్రొక్కును. స్పర్శ ఒక్కటే; సమాధానములు రెండు. బరువు మోయుకాలు హఠాత్తుగా లేచినచో పిల్లి పడిపోవును గదా! ఈ వివేకము మెదడునకు చెందినదనుకొందుమేమో! ఆ పిల్లులకు వెన్నుపాము మెదడునుండి వేఱుచేయబడియుండెను. వివేకము వెన్నుపాములోనిదే.

వెనుకటి గ్రామలెక్కలలో అంచనా యొకటి, అజమాయిషీ యొకటి యుండెను. అంచనా కచ్చేరిలో కూర్చుండి వ్రాయదగినది. అజమాయిషీకి పొలము వెళ్ళి పైరును కన్నులార చూడవలెను. అజమాయిషీ లేని అంచనా కాగితముపై ఎంత చక్కగా నున్నను పంటకు సరిపోదు. అంచనాయే లేనిచో అజమాయిషీ దేనిని సరిచూచును? వెన్నుపాము లయ అంచనా. అరికాలి స్పర్శ అజమాయిషీ.

ఈ సందర్భమున పొరుగు విషయమైనను మన ప్రాంతమునకు సంబంధించినదానిని ఒకదానిని తలంపవలెను. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడుగా నుండిన కె. పంపాపతిరావుగారు 1954లో సముద్రపు ఆల్చిప్పలపై ఒక పరిశోధనను ప్రకటించినారు. ఆల్చిప్ప తన లోపలి సూక్ష్మరోమములతో నీటిని పీల్చి వదలుచుండును. ఆ నీటి వడి సముద్రపు పోటుపాటులననుసరించి హెచ్చుచు తగ్గుచు నుండును. పోటుపాటులు లేని తొట్టిలో నుంచినను ఆ హెచ్చుతగ్గులు సాగినవి. ఒక తావునుండి మఱియొక తావునకు మార్చినచో ఆ లయ మార్పు చెందగలదనిగూడ ఆయన చూపినారు. ఇది కాలి లయ కాదు, దినములో గంటలకు సంబంధించిన లయ, నడకవంటి నాడీవ్యవహారముగాదు. అయినను ధర్మమొకటే. లయ లోపలిది, దానిని లోకముతో సరిపుచ్చునది వెలుపలిది.

ఇక మనుష్యుని సంగతి. అప్పుడే పుట్టిన శిశువును చంకలక్రింద పట్టి నిలిపి అరికాళ్ళు చాపకు తగిలించినచో అడుగులువేసినట్లు కాళ్ళాడించును. మంత్రసానులకు ఇది ఎప్పటినుండియో తెలిసిన వింత. రెండు నెలలు దాటునప్పటికి ఇది చాలమంది శిశువులలో కనుమఱుగగును. మెదడు ఎదిగి దానిని అణచుచున్నదని పూర్వులు తలంచిరి. 1984లో ఎస్తర్ థెలెన్ అను అమెరికా విదుషి వేఱొక కారణమును చూపినది. అడుగులు మానిన శిశువును రొమ్ముబంటి నీటిలో పట్టి నిలిపినంతనే అడుగులు హెచ్చినవి. అడుగులువేయు శిశువు కాళ్ళకు చిన్న బరువులు కట్టినంతనే తగ్గినవి. లయ ఎక్కడికిని పోలేదు. శిశువు కాళ్ళు క్రొవ్వుపట్టి బరువెక్కినవి. వానిని లేపు బలము ఇంకను రాలేదు. నీరు ఆ బరువును మోసినంతనే దాగియున్న లయ బయటపడినది. “పోయినది” అని అనుకొన్నది ఒక్కొక్కప్పుడు దాగియుండునని దీనివలన నేర్చుకొనవలెను.

స్పర్శవార్త పూర్తిగా పోయిన మనుష్యుని గతి యేమి? ఇయన్ వాటర్మన్ అను యువకుడు 1971లో, తన పందొమ్మిదవ యేట, జ్వరమువంటి వ్యాధికి గుఱియై మెడక్రింద స్పర్శజ్ఞానమును, అవయవములు ఎక్కడ నున్నవను జ్ఞానమును కోల్పోయినాడు. కండరములకు బలము తగ్గలేదు; ఆజ్ఞ మోయు నాడులు చెడలేదు. అయినను లేచి కూర్చుండలేకపోయినాడు. ఎన్నో నెలల సాధనమున, తన ప్రతి అవయవమును కన్నులతో చూచుచు, ప్రతి కదలికను ముందుగా తలంచుచు నడక నేర్చినాడు. దీపమారినచో నిలువలేక కూలిపోవును. మనము చేపల ధర మాటలాడుచు వేయు అడుగును ఆయన మనస్సంతయు నిలిపి వేయవలసివచ్చెను. అరికాలు మౌనముగా మనకు చేయు ఉపకారము ఎంతటిదో దీనివలన తెలియును.

సభాసదులారా! వాటర్మన్ వంటివారు లోకమున అరుదు. కాని కొంచెముకొంచెముగా అరికాలి వార్తను కోల్పోవువారు ప్రతి గ్రామమునందును ఉన్నారు. చిరకాలము మధుమేహముండినచో పాదముల నాడులు చెడి తిమ్మిరి పట్టును. కుష్ఠరోగమునను అట్లే స్పర్శ నశించును. అట్టివారు పగటివేళ చక్కగా నడతురు. కన్ను, పాదము చేయవలసిన పనినిగూడ చేయుచుండును. చీకటి పడినంతనే, లేదా ముఖము కడుగుకొనుటకు కన్నులు మూసికొనినంతనే తూలుదురు. పందొమ్మిదవ శతాబ్దమున రోంబర్గ్ అను జర్మను వైద్యుడు ఈ గుర్తును వర్ణించినాడు. నేటికిని వైద్యులు రోగిని నిలిపి కన్నులు మూయుమని ఆయన పేరితో పరీక్ష చేయుచున్నారు. ఇంటిలోని పెద్దలు కన్నులు మూసినపుడు తూలుచున్నచో “ముసలితన” మని త్రోసివేయక వైద్యునకు చూపవలెను. వారు లేచు త్రోవలో రాత్రియంతయు దీపముండవలెను. పట్టుకొనుటకు చేతికఱ్ఱ యుండవలెను. చేతికఱ్ఱ అవమానకరమైనది కాదు. పాదము తేలేని వార్తను అది అరచేతికి తెచ్చును. తిమ్మిరిపట్టిన పాదములకు చెప్పులు లేక నడువరాదు; ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు గనుక ప్రతిదినమును అరికాళ్ళను చూచుకొనవలెను.

పక్షవాతము సంగతి వేఱు. అందు చెడునది మెదడులోని భాగము. వెన్నుపాములోని లయకేంద్రములు సాధారణముగా నిలిచియే యుండును. లోపమంతయు పైనుండి వచ్చు ఆజ్ఞలలోనిది. మంచముమీద పరుండిన కాలికి నేల వార్త లేదు, బరువు వార్త లేదు, తొడకీలు వెనుకకు సాగు వార్తయు లేదు. ఇట్లు నెలలు గడిపినచో మిగిలియున్న శక్తిగూడ మొద్దువారును. తైలమర్దనము హాయి కలిగింపవచ్చును. కాని పడుకొన్న కాలికి నడకను నేర్పదు. కావున వైద్యుడు అనుమతించిన దినమునుండి, ఇద్దఱు పట్టుకొనియైనను రోగిని నిలుపవలెను. అరికాలు నేలకు పూర్తిగా తగులనీయవలెను. బరువును ఒక కాలినుండి రెండవకాలికి మార్చుట నేర్పవలెను. దినదినము అడుగుల సంఖ్యను హెచ్చింపవలెను.

దీనికి విలువగల యంత్రములు కావలయునేమో యని పేదవారు నిరాశపడనక్కఱలేదు. రోగిని పట్టీలతో వ్రేలాడదీసి కదలు పట్టామీద నడిపించు యంత్రములు గలవు. అమెరికాలో పక్షవాతపు రోగులు 408 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2011లో ప్రకటింపబడినవి. యంత్రముపై నడిచినవారికంటె, ఇంటివద్ద శిక్షకుని పర్యవేక్షణలో క్రమముగా వ్యాయామము చేసినవారు వెనుకబడలేదు. ఒక సంవత్సరము గడచునప్పటికి మొత్తము మీద సగమునకు పైగా రోగుల నడక మెఱుగుపడినది. యంత్రము కంటె ముఖ్యమైనది మఱల మఱల వేయు అడుగు, దానిని విడువక వేయించు బంధువుల ఓర్పు.

ఒక హెచ్చరికయు అవసరము. వెన్నుపాము తెగిన పిల్లులు కదలు పట్టామీద శిక్షణచే వెనుకకాళ్ళతో మఱల నడచినవని 1987లో బార్బో, రొసిన్యోల్ చూపినారు. మనుష్యుడు రెండుకాళ్ళపై నిలుచువాడు. మెదడుపై ఎక్కువగా ఆధారపడినవాడు. వెన్నుపాము పూర్తిగా తెగినవానికి ఈ శిక్షణమాత్రముచే స్వతంత్రమైన నడక వచ్చునని ఎవరైన సొమ్ము అడిగినచో నమ్మరాదు. ఆశ మంచిదే, అంచనాకు అజమాయిషీ వలె, ఆశకును పరీక్ష అవసరము.

లోపల లయ యున్నది. అది జన్మతో వచ్చిన సొత్తు. దానిని నడకగా మలచునది నేల. ఇసుక తన పాఠమును, బురద తన పాఠమును, గట్టు తన పాఠమును అరికాలికి ప్రతి అడుగునను చెప్పుచున్నవి. ఆ పాఠము అందని పాదమునకు కన్ను, కఱ్ఱ, బంధువుల చేయి సాయపడవలెను. మంచమునబడిన పాదమునకు ఆ పాఠమును ఎంత త్వరగా మఱల వినిపించినచో అంత మేలు. ఈ సభనుండి ఇండ్లకు మరలినవారిలో ఒక్కరైనను నేటి రాత్రి తమ పెద్దల పెరటిత్రోవలో దీపముంచినచో, పడియున్న యొక బంధువు అరికాలిని రేపు ఉదయము నేలకు తాకించుటకు వైద్యుని అనుమతి నడిగినచో, ఈ ఉపన్యాసము ప్రయోజనమును పొందినట్లే.

స్వస్తి.